బొమ్మమ్మ

ఫిబ్రవరి 2

ఈ రోజు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా భయపడుతూనే ఉన్నాను. జీతమిచ్చేది అందుకే. "అమ్మో, నాకు భయమేస్తోంది!" అని అద్దం అవతలినుంచి చెవులాయన బొటనవేలు పైకెత్తేదాకా అంటూనే ఉండాలి. చెవులాయన అంటే మా రికార్డింగ్ గదిలో మీటలు నొక్కే ఆయన. చెవులకు ఆ నల్ల డిప్పలు లేకుండా ఆయన్ని నేనింతవరకు చూడలేదు. తీస్తే చెవులు కూడా వాటితోపాటే ఊడొస్తాయేమో.

బొమ్మల కంపెనీ కొత్తగా తెస్తున్న మాటల పాపకు గొంతు నాది. పొట్ట నొక్కితే మాట్లాడుతుంది. పెద్ద ఉపన్యాసాలేం లేవు. నాకు భయమేస్తోంది. నాకు రాదు, నువ్వే చెయ్యి. నాకు తెలీదు, మీరే చెప్పండి. నేను ముద్దుగా ఉన్నానా? దాని చదువంతా ఇంతే. మార్కెటింగ్ మేడమ్ పక్కన కూర్చుని, "ఇంకా చిన్నగా, ఇంకా ముద్దుగా. నీకు నిజంగానే రాదనిపించాలి" అంది. నాకు నిజంగా రానివి బోలెడున్నాయి. వాటిని తలుచుకుని అన్నాను. మొదటిసారే బొటనవేలు లేచింది.

నా తర్వాత మరమనిషి బొమ్మకు మగగొంతు. "భయమా? నాకా?" "పద, విప్పి చూద్దాం!" ఆ గొంతిచ్చే పెద్దమనిషి మొన్న గోడ మీద బల్లిని చూసి కుర్చీ ఎక్కాడు. ఆ బల్లిని చీపురుతో బయటికి తోలింది నేను. ఆ మాట ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఊళ్ళో ఉన్న నా కూతురికి ఫోన్ చేశాను. బుడంకాయ ఊఁ అంది, ఊఁహూఁ అంది, ఆ తర్వాత ఊపిరి మాత్రం వినిపించింది. ఏడేళ్ళ పిల్ల ఫోన్లో ఏం మాట్లాడుతుందిలే. నా దగ్గరున్నప్పుడు మాత్రం చెవిలో జోరీగే. తాళం కడుపులో ఏముంటుంది, ఫ్యాను తిరిగి తిరిగి ఎందుకు కళ్ళు తిరిగి పడిపోదు, అన్నీ కావాలి. వాళ్ళ నాన్న ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మనిషి. ఆయన దుకాణంలో కింద పడ్డ స్క్రూ మరలన్నీ ఏరి, గౌను చెంగులో పోసుకుని ఇంటికి మోసుకొచ్చేది. "ఆడపిల్లకి ఇవెందుకే, షాక్ కొడుతుంది" అని ఆయన లాక్కునేవాడు. మర ఎక్కడైనా షాక్ కొడుతుందా!

సరే, ఆ గొడవలు ఇప్పుడెందుకు.

మేం విడిపోయాం కదా, ఎవరి దగ్గరుంటావని సెలవులివ్వగానే హెడ్మాస్టరుగారు పిల్లనే అడుగుతారు. మా ఇద్దరికీ చదువు చెప్పినాయన, అందుకని ఇద్దరం నోరెత్తలేదు. "మీరిద్దరూ గమ్మున కూర్చోండి. పిల్ల ఎవరి దగ్గరుంటానంటే వాళ్ళ దగ్గరే ఉంటుంది" అన్నారు. బడి మధ్యలో మార్చకూడదు కాబట్టి అప్పటిదాకా అక్కడే, నాయనమ్మ దగ్గర, ఆ ఊళ్ళో. నాకేం బెంగ లేదు. అమ్మ దగ్గరే అంటుంది. ఇంకేమంటుంది? కిటికీ పక్కన చిన్న మంచానికి చోటు చేశాను. బీరువా జరిపాను. నడుం పట్టేసింది.

ఫిబ్రవరి 17

పాప బొమ్మలు తయారై వచ్చాయి. నాకో డబ్బా ఇచ్చారు. గులాబీరంగు డబ్బా, గులాబీరంగు గౌను, గులాబీరంగు జోళ్ళు. పక్క బల్ల మీద మరమనిషి, నీలం డబ్బాలో. వీపు తలుపు తీస్తే రెండింటిలో ఉన్నదీ ఒకటే, అదే గుండ్రటి స్పీకరు బిళ్ళ, అవే తీగలు. చెవులాయనే చూపించాడు. గౌనుకు రెండు జేబులు. వేలు పెట్టబోతే దూరలేదు. జేబులు కావు, జేబుల్లాగా కుట్టిన రెక్కలు.

బుడంకాయకు పార్సిల్ చేశాను. పైన చిరునామా రాసేటప్పుడు నా చేతిరాత నాకే కొత్తగా అనిపించింది. ఎంత బాగా రాశానో. దానికి ఇంకా పెద్ద అక్షరాలే చదవడం వచ్చని.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈ రోజు అది మాట్లాడింది!

"అమ్మా, నువ్వు డబ్బాలో వచ్చావు."

"అవును తల్లీ, వచ్చేశాను."

"నొక్కితే మాట్లాడుతున్నావు."

"పేరేం పెట్టావు దానికి?"

"బొమ్మమ్మ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కింటావిడ ఏమైందని తలుపు తట్టింది. ఏమీ లేదు, నేను అమ్మనయ్యానన్నాను. ఆవిడ నా పొట్ట వంక చూసింది.

ఫిబ్రవరి 23

అది బొమ్మమ్మని పక్కలో పెట్టుకుని పడుకుంటుందట. అంటే నా గొంతు దాని పక్కలో ఉన్నట్టే. నాకిక్కడ నిద్ర పట్టకపోతే ఏం?

మార్చి 8, ఆదివారం

ముందు నాయనమ్మే ఫోన్ ఎత్తింది. ఎప్పుడూ పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఈ రోజు గొంతులో పాలు పొంగాయి. "ఎంత మారిపోయిందనుకున్నావు! ఇదివరకు మగరాయుడిలా ఊరి మీద తిరిగేది. ఇప్పుడు ముద్దుగా, ముచ్చటగా కూర్చుంటోంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా? మంచి పని చేశావమ్మాయ్, ఆ బొమ్మ పంపి."

ఆవిడ నన్ను మెచ్చుకోవడం పెళ్ళయిన తర్వాత ఇదే మొదటిసారి. ఎందుకో ఒంటికి అంటలేదు.

తర్వాత బుడంకాయ. బూట్ల లేసులు కట్టుకుంటున్నావా అని అడిగాను. నాలుగేళ్ళప్పుడే నేర్చుకుంది, గోడకు ఆనుకుని, నాలుక బయటపెట్టి.

"నాకు రాదు, నువ్వే చెయ్యి" అంది.

చిన్నగా, ముద్దుగా. అచ్చం నాలాగే. నవ్వాను. నాయనమ్మ కూడా వెనకనుంచి నవ్వింది.

మార్చి 9

పిల్లలు ఏది వింటే అది అంటారు. అంతే.

మార్చి 11

రెండో విడత మాటలు రికార్డు చేశాం. రాసిచ్చినవన్నీ అయ్యాక నా అంతట నేనే ఒకటి అన్నాను. "ఉండు, నేనే చేస్తాను!" చెవులాయన బొటనవేలు లేచింది. రెండు వేళ్ళూ లేచాయి. ఎప్పుడూ నోరు విప్పని మనిషి, "ఇది బాగుందమ్మా" అన్నాడు.

మేడమ్ విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "బాగానే ఉంది. కానీ ఇది నీలం డబ్బాలో మాట."

"డబ్బాకి మాటలుంటాయా మేడమ్?"

"చూడు, నీతో నిజం చెప్తాను. పాప భయపడిందనుకో, కొనే వాళ్ళు అయ్యో పాపం అని చేతిలోకి తీసుకుంటారు. పాప నేనే చేస్తానందనుకో, సరే చేసుకోమ్మా అని ముందుకెళ్ళిపోతారు. నాకూ ఆడపిల్లే ఉంది. ఇంట్లో దానికి నేనూ ధైర్యమే నూరిపోస్తాను. దుకాణంలో ధైర్యం అమ్ముడుపోదు, నన్నేం చెయ్యమంటావు?"

చెడ్డ మనిషి కాదు. టీ కూడా తెప్పించింది. నా మాట మాత్రం తీసేయించింది.

మార్చి 15, ఆదివారం

"సెలవుల్లో ఎక్కడికెళ్దాం?"

"నాకు తెలీదు, మీరే చెప్పండి."

నన్ను ఎప్పుడూ మీరు అనలేదది.

మార్చి 20

పని నుంచి వస్తూ పెద్ద బొమ్మల దుకాణంలోకి వెళ్ళాను. ఏదీ కొనడానికి కాదు. మెట్లెక్కగానే కుడివైపు గులాబీ, ఎడమవైపు నీలం. మధ్యలో దారి, ఆ దారికి అడ్డంగా ఏమీ లేదు, అయినా ఏ పిల్లా దాటదు. బట్టలూ అంతే. కుడివైపు రాకుమారి అని రాసినవి, ఎడమవైపు రాకెట్టు బొమ్మ వేసినవి. ఒక గౌను తీసి జేబు చూశాను. మళ్ళీ అదే రెక్క.

ఒక్క పాప మాత్రం, బుడంకాయ ఈడుదే, నీలం వైపు వెళ్ళి మరమనిషిని కౌగిలించుకుంది. దుకాణం అమ్మాయి చాలా మర్యాదగా విడిపించి, "అది బాబుల బొమ్మ తల్లీ. నీకోసం ఇటు చూడు, ఎంత ముద్దుగా మాట్లాడుతుందో" అని అరలో ఉన్న పాపల పొట్టలు వరసగా నొక్కింది.

ఒక్కసారిగా నేనే, అరనిండా నేనే. నాకు భయమేస్తోంది. నాకు రాదు. నాకు తెలీదు. నాకు రాదు. ఒకదాని మీద ఒకటి పడి అంటున్నాయి. ఆ పాప తలెత్తి వింది. నేను నోరు విప్పితే ఆ గొంతే వస్తుందని, ఏమీ అనకుండా బయటికొచ్చేశాను.

తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. కానీ బుడంకాయ తెలివైంది. దానికి బొమ్మ వేరు, అమ్మ వేరు అని తెలుసు. తెలియకేం.

మార్చి 29

చిన్న మంచం వచ్చింది. దుప్పటి ఏ రంగుదో దాన్నే అడిగి కొంటాను.

ఏప్రిల్ 5, ఆదివారం

లైను కలవలేదు. కలిస్తే మాత్రం ఏం మాట్లాడేదని.

ఏప్రిల్ 12

రాయాలనిపించడం లేదు. రాయకపోతే ఎక్కడ పెట్టుకోను దీన్ని.

హెడ్మాస్టరుగారి వరండాలో కూర్చున్నాం. నేను, వాళ్ళ నాన్న, నాయనమ్మ. బుడంకాయ కొత్త గౌను వేసుకుని వచ్చింది, చంకలో బొమ్మమ్మ. పొడుగైంది. ముందు పన్ను ఊడింది, అది నాకెవరూ చెప్పలేదు. నన్ను చూడగానే పరుగెత్తుకొస్తుందని లేచి నిలబడ్డాను. రాలేదు. నా మొహంలోకి చూసి, బొమ్మ మొహంలోకి చూసి, మళ్ళీ నన్ను చూసింది. నేను మెల్లిగా కూర్చున్నాను.

కుడి గుప్పిట గట్టిగా మూసి ఉంది. మధ్యలో గౌను జేబులో పెట్టబోయింది, అది ఉత్త రెక్క, చెయ్యి జారిపోయింది. మళ్ళీ గుప్పిట మూసుకుంది.

హెడ్మాస్టరుగారు దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "ఇక్కడెవరూ నిన్ను తిట్టరమ్మా. నీకు ఎవరి దగ్గరుండాలనుంది?"

అది బొమ్మను చూసుకుంది.

"నాకు తెలీదు, మీరే చెప్పండి."

చిన్నగా, ముద్దుగా. చివర్లో ఆ సన్నటి వణుకుతో సహా. ఆ వణుకు కోసం నేను ఎంతసేపు సాధన చేశానో నాకు తెలుసు.

ఆయన ఇంకోసారి అడిగారు. అదే మాట. మూడోసారి అడగలేదు. "పిల్లకి తెలీదంటోంది. తెలిసేదాకా ఉన్నచోటే ఉండనిద్దాం" అన్నారు. న్యాయమే. వాళ్ళ నాన్న నా వంక చూడలేదు. గెలిచినవాడిలా కూడా లేడు. నాయనమ్మ దాని జుట్టు సర్దింది.

బస్సుకు వెళ్తుంటే బుడంకాయ గేటు దాకా వచ్చింది. గుప్పిట నా చేతిలో తెరిచింది. చిన్న మర, చెమటతో తడిసిపోయి ఉంది.

"పోకుండా చూడు" అంది.

"ఏంటిది తల్లీ?"

వెనక్కి పరుగెత్తింది. ఏ దుకాణంలో ఏరుకుందో. పెన్నుల డబ్బాలో వేశాను.

ఏప్రిల్ 13

బీరువా మళ్ళీ పాతచోటికి జరపలేదు. ఊరికే, నడుం నొప్పని.

ఏప్రిల్ 16

రికార్డింగ్. ఎంత ప్రయత్నించినా మాట ముద్దుగా రాలేదు. "నాకు తెలీదు" దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. ఆపమని చెయ్యి ఊపాను.

మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "అబ్బ, ఆ ఏడుపు జీర! ఇదే, ఇదే కావాలి. ఉంచెయ్యండి."

చెవులాయన డిప్పలు తీసి బల్ల మీద పెట్టాడు. చెవులు ఊడిరాలేదు. చిన్న చెవులు. "మిషన్ ఆపేసే ఉందండీ, రికార్డవలేదు" అన్నాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నాకు కనిపించింది.

ఏప్రిల్ 19, ఆదివారం

ఫోన్ చెయ్యలేదు. చేసి ఏం వినాలి, నన్ను నేనే వినాలి.

దాని గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలని చూశాను. జోరీగలాంటి ఆ పాత గొంతు. "అమ్మా ఇది విప్పనా? అమ్మా ఒక్కసారి విప్పనా?" అని ప్రాణం తీసేది. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఒక్కసారి అలా అడిగితే, ఇల్లంతా విప్పుకోమని తాళాలిచ్చేస్తాను. చిన్న మంచం మీద పడుకున్నాను. కాళ్ళు బయటికొచ్చాయి.

ఏప్రిల్ 24

ఆదివారం కాదు, అయినా ఫోన్ మోగింది. వాళ్ళ నాన్న.

"పిల్లకి ఏమైంది?"

"పిల్లకేం కాలేదు. నీ బొమ్మనే ఖూనీ చేసింది. నా స్క్రూడ్రైవర్ కనబడకపోతే ఇల్లంతా వెతుకుతున్నా. మంచం కింద దూరి, బొమ్మ వీపు తలుపు పీకి, పేగులన్నీ బయటపెట్టింది. చేతులకి షాక్ కొడుతుందే అంటే, దీంట్లో ఉన్నవి చిన్న బ్యాటరీలు నాన్నా, ఏం కొట్టదు అంటోంది. నాకే చెప్తోంది!" అన్నాడు. "ఒక్క తీగా తెగలేదు. నేను కూడా అంత శుభ్రంగా విప్పలేను."

ఆ మాట అనేటప్పుడు గొంతు ఎలాగో అయింది. ఆ మనిషిలో నాకు నచ్చేది ఏమిటో చాలాకాలానికి గుర్తొచ్చింది. అది వేరే కథ.

"నీతోనే మాట్లాడతానంటోంది. ఇదిగో."

ఊపిరి. ఊపిరి. తర్వాత:

"అమ్మా, నువ్వు లోపల లేవు."

"లేను తల్లీ."

"గుండ్రటి బిళ్ళ ఉంది. రెండు తీగలున్నాయి. పచ్చ చెక్క ముక్క ఉంది. అంతే."

"అంతే."

"మరి గొంతు నీదేగా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "గొంతు నాదే నాన్నా. మాటలు నావి కావు. ఎవరో రాసిస్తే చదివాను."

అది ఆలోచించింది. ఆలోచిస్తే ముక్కుతో గాలి వదులుతుంది, ఇక్కడికి వినిపించింది.

"నేను దాన్ని అడిగా. హెడ్మాస్టరు తాతయ్య దగ్గరికి వెళ్ళేముందు. నేను నీ దగ్గరికి వచ్చేయనా అమ్మా, అని పొట్ట నొక్కా."

"ఏమంది?"

"అమ్మో, నాకు భయమేస్తోంది అంది."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"మళ్ళీ అడిగా. మళ్ళీ భయమే అంది. నేనొస్తే నీకు భయం అనుకున్నా. అందుకే లోపల నువ్వున్నావో లేదో చూద్దామని మరలు తిప్పా. ఒక్కటే వచ్చింది, మిగతావి బిగుసుకుపోయాయి. అంతలో నాయనమ్మ తయారవమంది. అందుకని తాతయ్యతో తెలీదన్నా."

గుప్పిట్లో పట్టుకొచ్చింది ఆ మొదటి మరే. నా చేతిలోనే పెట్టింది. నేను దాన్ని పెన్నుల డబ్బాలో పడేసి, నా బిడ్డ నన్ను కాదందని వారం పైన ఏడ్చాను.

"నువ్వొస్తే నాకు భయమా? పిచ్చిదానా! నీ కోసం మంచం కొన్నాను. దుప్పటి ఏ రంగుదో నువ్వు చెప్తావని కొనకుండా ఉన్నాను."

"ఆకుపచ్చ" అంది. వెంటనే. అడిగీ అడగకముందే.

నాకు మాట రాలేదు. ఈసారి నిజంగానే.

"అమ్మా, తాతయ్యని మళ్ళీ అడగమను."

"అడిగితే ఏం చెప్తావు?"

"అప్పుడు చెప్తాగా. నీకెందుకు ముందే?"

జోరీగ! నా జోరీగ. వెనకనుంచి నాయనమ్మ ఏదో గొణిగింది, ఆడపిల్ల, నోరు, అనే మాటలు వినిపించాయి. వాళ్ళ నాన్న, "ఉండమ్మా, దాన్ని మాట్లాడనీ" అన్నాడు.

"రేపొస్తావా?"

"పొద్దున మొదటి బస్సుకే వస్తాను."

"అయితే ఆ మర తీసుకురా. తలుపు మళ్ళీ బిగించాలి. మిగతావన్నీ నా దగ్గరున్నాయి, అదొక్కటే లేదు. పారేశావా?"

"లేదు. నువ్వు పోకుండా చూడమన్నావుగా."

"ఊఁ" అంది. ఈ ఊఁ వేరు.

హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను. రేపు సాయంత్రం రమ్మన్నారు. పిల్ల ఏమంటుందోనమ్మా అన్నారు. ఏమన్నా సరేనండీ, అదే అనాలి, అన్నాను. నోటితో అన్నంత తేలిగ్గా లోపల లేదు. నాన్న దగ్గరే అంటే? అనొచ్చు. అక్కడ దుకాణం ఉంది, మరలున్నాయి, ఇప్పుడు స్క్రూడ్రైవరూ దొరికింది. ఇక్కడ నేనూ, ఒక మంచం. నా దగ్గరికే రావాలని ఒళ్ళంతా కోరుకుంటోంది. కోరుకుంటోందని రాసుకుంటున్నాను, దానికి మాత్రం చెప్పను. దానికి ఎవరూ ఏదీ రాసివ్వకూడదు.

మేడమ్‌కు రేపు రానని చెప్పాను. సోమవారం వచ్చినా, "ఉండు, నేనే చేస్తాను" లేకుండా ఇంకో మాట అననని కూడా చెప్పాను. ఆలోచిస్తానంది. ఆలోచించుకోనీ.

సంచి సర్దాను. మర ఎక్కడ పెట్టాలో తోచలేదు. సంచిలో వేస్తే సందుల్లోంచి జారుతుంది, నా కుర్తా జేబులోనా, చూస్తే అదీ రెక్కే. ఇన్నేళ్ళూ గమనించనే లేదు. ఎడమ గుప్పిట్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బస్సులో కూడా ఇలాగే పట్టుకుంటాను.